ముడి వేసినవాళ్ళే కూర్చోవాలి

ఈ ఉదయం షెడ్డు తలుపు తీయగానే తడి తాడు వాసన కొట్టింది. నిన్నటి వానకి పైరేకుల సందులోంచి నీళ్ళు కారి, గోడవారనున్న పాత మనీలా తాడు చుట్ట ఒకటి పూర్తిగా నానిపోయింది. తడిసిన గోనెసంచి వాసనకి కాస్త ఎండుగడ్డి వాసన కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. ఇంకెవరైనా అయితే ముక్కు మూసుకుని వెళ్ళిపోతారు. నాకు మాత్రం వెన్ను దానంతటదే నిటారుగా అయింది. "నేను తడపలేదండీ" అన్న మాట గొంతుదాకా వచ్చి ఆగింది. ఆ మాట చెప్పుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. అడగవలసిన కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. ఆ కుర్చీలో నాకు ముందు కూర్చున్న రాజ్యలక్ష్మి గారు పోయి మూడేళ్ళు దాటింది. అయినా తడి తాడు వాసన వస్తే చాలు, ఆవిడ నా వెనక నిలబడి ఉన్నట్టే ఉంటుంది.

మాది కాకినాడలో రక్షణ శాఖకు చెందిన ఒక సామగ్రి డిపో. అంతకు మించి దాని గురించి రాయకూడదు, నిజానికి రాసేంత విశేషమూ లేదు. మేం సైనికులం కాదు, తుపాకీ ముట్టుకునే పని మాకు లేదు. డేరాలు కుడతాం, తాళ్ళు అతుకుతాం, సరుకు ఎత్తే వలలు బాగుచేస్తాం. సరుకు వల అంటే బొటనవేలంత లావు తాళ్ళతో అల్లిన పెద్ద చదరపు వల. తాళ్ళు ఒకదానినొకటి దాటే ప్రతిచోటా సన్నతాడుతో గట్టిగా కట్టు కట్టి ముడి వేస్తాం. అందులో పెట్టెలో బస్తాలో వేసి, నాలుగు మూలలూ కలిపి క్రేన్‌తో పైకి ఎత్తుతారు. ఆ కట్లు జారితే కింద ఉన్నవాళ్ళ గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఏ కాగితం మీదా లేదు. ఇసుక బస్తాలతో అసలు పరీక్ష అయిపోయాక, వలను బాగుచేసిన మనిషి వెళ్ళి అందులో కూర్చోవాలి. కింద పాత పరుపులు పరిచి, చైన్ పుల్లీతో ఛాతీ ఎత్తుకి లేపుతారు. గ్లాసులో టీ చల్లారేంతసేపు అలా వేలాడాలి. దించాక వలకి కట్టే అట్ట చీటీ మీద కూర్చున్నవాళ్ళ పేరు రాస్తారు. ఆ చీటీలే మాకు పని వచ్చునని ఆఫీసర్లు కూడా ఒప్పుకునే సాక్ష్యం. ప్రొబేషన్ ముగిసేలోపు మన పేరుతో పన్నెండు చీటీలుంటే ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఇంటికి పంపేయవచ్చు.

నేను చేరేనాటికి ఆ షెడ్డులో ఉన్నవాళ్ళంతా దాదాపు ఒకే రకం మనుషులు. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు కొందరు, అక్కడే పనిచేసి రిటైరైనవాళ్ళ కొడుకులు కొందరు. అందరూ మగవాళ్ళు, ఒక్క రాజ్యలక్ష్మి గారు తప్ప. ఆవిడది కోనసీమలో ఒక పల్లె, పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. భర్త అదే డిపోలో స్టోర్‌కీపర్‌గా ఉంటూ పోతే ఆవిడకి ఆ ఉద్యోగం ఇచ్చారు. ఉత్తరాలు పంపే బల్ల దగ్గర కూర్చోమన్నారట. రెండు నెలలు కూర్చుని, నాకు నిద్రొస్తోంది, షెడ్డులోకి వేయండి అని రాసిచ్చారట. అప్పట్లో ఆ ఆవరణలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. పావుగంట నడిచి క్వార్టర్లకి వెళ్ళి వచ్చేవారు, వెళ్ళిన ప్రతిసారీ రిజిస్టర్‌లో కారణం రాసి మరీ వెళ్ళేవారు. ఆ రిజిస్టర్ చదివి చదివి సిగ్గేసి చివరికి ఎవరో ఒక గది కట్టించారు. ఈ కథ ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, షెడ్డులో పాతకాపు వీర్రాజుగారు నాకు చెప్పారు. నేను చేరేసరికి ఆవిడే సెక్షన్‌కి పెద్ద. ముతక చీర, దాని మీద ఖాకీ కోటు, కోటు జేబులో తాడు పేటలు విడదీసే చెక్క దబ్బనం. రిటైర్మెంట్‌కి రెండేళ్ళే ఉంది.

పరీక్ష రాసి ఎంపికై ఒకేసారి నలుగురు ఆడవాళ్ళం వచ్చాం. నా సొంతూరు మొగల్తూరు పక్కన సముద్రం ఒడ్డున ఒక పల్లె. నాన్న వేటకి వెళ్ళేవారు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని నరసాపురంలో చేపలు అమ్మేది. నాన్నకి నడుం పడిపోయాక అమ్మ తట్ట ఒక్కటే ఇంటికి ఆధారం. నా ఉద్యోగం నిలబడితే ఆ తట్ట దింపించాలని నా పట్టుదల. మొదటి రోజు రాజ్యలక్ష్మి గారు మా చదువు అడగలేదు, ఏ ఊరని అడగలేదు. ఒక్కొక్కరినీ పిలిచి, "నీ చేతికి ఇంట్లో ఏం నేర్పారు?" అని అడిగారు.

"వల కట్టడం వచ్చండి. మా నాన్న నేర్పారండి" అన్నాను.

"మగపిల్లలు లేరా మీ ఇంట్లో?"

"లేరండి."

"మంచిదైంది" అని నా పేరు వలల జాబితాలో రాసేసుకున్నారు. మంచిదైంది అన్న మాట ఆ విషయంలో నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదటిసారి.

వారం తిరక్కుండానే ఇంకో సంగతి జరిగింది. మధ్యాహ్నం నేను షెడ్డు వెనక ఎండలో కూర్చుని అన్నం తింటుంటే ఆవిడ వచ్చారు.

"ఇక్కడేం చేస్తున్నావమ్మాయ్? లోపల బల్ల మీద చోటు లేదా?"

"ఉందండి. ఎండు చేపలండి... మీరక్కడ కూర్చుంటారు కదా అని..."

"నాకా వాసన పడదు. పడదంటే అస్సలు పడదు. కానీ అది నా ముక్కు గొడవ. దానికి నువ్వెందుకు ఎండలో మాడాలి? పద."

లోపలికి తీసుకెళ్ళి తన ఎదురుగా కూర్చోబెట్టారు. కూర్చోబెట్టి, తను మాత్రం కిటికీ వైపు తిరిగి పెరుగన్నం తిన్నారు. చాలా నెలలు అలాగే ముఖం తిప్పుకుని తిన్నారు. ఆ తిప్పుకోవడం నాకు కొంచెం కష్టంగానే ఉండేది, కానీ అబద్ధం లేదు అందులో. ఒకరోజు ఏదో పని గురించి కోపంగా చెబుతూ చెబుతూ తిరగడం మర్చిపోయారు. ఆ తరువాత మళ్ళీ తిరగలేదు.

ఆవిడ పొరపాటు పడని మనిషేం కాదు. మాతోపాటే బాషా అని రాజమండ్రి నుంచి ఒకాయన వచ్చాడు. పుట్టుకతో వినపడదు, మాట రాదు. తనని చైన్ పుల్లీ దగ్గర వేస్తే ఆవిడ ఒప్పుకోలేదు. "కేకేస్తే వినపడని మనిషిని బరువుల కింద ఎలా పెడతానండీ? నా వల్ల కాదు" అని డేరాలు కుట్టే మూలకి పంపేశారు. కొన్ని వారాల తరువాత, కంప్రెసర్ హోరులో పుల్లీ మనిషికి ఎవరి కేకా వినపడని రోజున, ఒక పక్కకి ఒరిగిపోతున్న బరువును చూసి బాషా పరుగున వచ్చి పిడికిలి పైకెత్తి ఆపించాడు. అసలు ఆ పనంతా చేతి సైగలతోనే నడుస్తుంది, అక్కడ చెవులతో పనేం లేదని అందరికీ అప్పుడు తట్టింది. మర్నాడు పొద్దున్నే అందరి ముందూ రాజ్యలక్ష్మి గారు బాషా ఎదుట నిలబడి తన రెండు చెవులూ పట్టుకున్నారు. వినపడని మనిషి ముందు చెవులు పట్టుకోవడం చూసి మాకు నవ్వు ఆగలేదు. అందరికన్నా ముందు నవ్వింది బాషాయే. ఆ రోజు నుంచి పుల్లీ గొలుసు అతని చేతికి వచ్చింది.

ఇక నా సంగతి. నాకు పని తొందరగానే పట్టుబడింది. కానీ మొదటి వల పరీక్ష రోజున వీర్రాజుగారు అడ్డం వచ్చారు. సైన్యంలో చేసి వచ్చిన పెద్దమనిషి, మాట మెత్తన. "ఆడపిల్లలు గాల్లో వేలాడ్డం ఏం బాగుంటుందమ్మా? నేను కూర్చుంటాలే" అని నా వలలో ఆయన కూర్చున్నారు. చీటీ మీద ఆయన పేరు పడింది. నాకు మనసులో హాయిగానే అనిపించింది. చీరతో అంతమంది ముందు అలా వేలాడాలంటే నాకూ ప్రాణం పోయినట్టే ఉండేది. మిగతా ముగ్గురిదీ అదే దారి. అలా ఏడాది గడిచింది. ఒకరోజు రాజ్యలక్ష్మి గారు చీటీలన్నీ ముందేసుకుని నన్ను పిలిచారు.

"ఈ వల ఎవరు కట్టారు?"

"నేనేనండి."

"వీర్రాజని రాసుందేంటి?"

"ఆయన కూర్చున్నారండి."

"ఇదిగో ఇది? ఇది?"

"అవీ నావేనండి."

"ఏడాది నుంచి పనిచేస్తున్నావు. నీ పేరు మీద ఒక్క చీటీ లేదు. రేపు ఆఫీసర్ అడిగితే ఏం చూపిస్తావు? వీర్రాజుగారి మంచితనం చూపిస్తావా?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏడాదిగా నా చేతిపని అంతా వేరేవాళ్ళ పేరున పోయిందని, పోతుంటే నేనే సంతోషించానని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆవిడకి నా ఏడుపుతో పనిలేదు. "చీరతోనా నీ ఇబ్బంది?" అన్నారు. తల ఊపాను. డేరాలు కుట్టే మెషీన్ మీదే మా నలుగురికీ ఖాకీ ప్యాంట్లు కుట్టించారు. ఊళ్ళో మావాళ్ళెవరైనా చూస్తే ఏమంటారో అని బితుకుబితుకుమంటూనే వేసుకున్నాను. వీర్రాజుగారు నొచ్చుకున్నారు గానీ అడ్డం రాలేదు. ఆ తరువాత నా వలల్లో నేనే కూర్చున్నాను. చీటీ మీద 'సత్యవతి' అని నా చేత్తో రాసుకున్న రోజు సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి అరగంట అదే చెప్పాను.

తొమ్మిది చీటీలు అయ్యాయి. ప్రొబేషన్ ఇంకో రెండు నెలల్లో ముగుస్తుందనగా, రాజ్యలక్ష్మి గారు కూడా అదే సమయానికి రిటైర్ అవుతారనగా, ఆ ఎండాకాలం నా కొంప మునిగింది. గోదాములో ఆరేసిన వలల్లోంచి ఒకదాన్ని బరువు ఎత్తడానికి తెచ్చారు. పుల్లీ కొక్కేనికి తగిలించబోతూ బాషా ఆగిపోయాడు. కట్ల మీద వేళ్ళు పెట్టి కదిపాడు. కదిలాయి. నా వైపు చూసి బాధగా తల అడ్డంగా ఊపి, పిడికిలి పైకెత్తాడు. అది నేను కట్టిన వల. వెతికితే నావే ఇంకో మూడు అలాగే వదులైపోయి దొరికాయి. మిగతావాళ్ళ వలలన్నీ గట్టిగానే ఉన్నాయి. పరీక్ష రోజున నేను కూర్చుని వేలాడిన వలలే అవి. ఆ రోజు ఇనుములా ఉన్న కట్లు ఇలా ఎలా అయ్యాయో నాకు అర్థం కాలేదు.

రాజ్యలక్ష్మి గారు అరవలేదు. ఒక స్టూలు వేసుకుని నా పక్కన కూర్చున్నారు. "నా ముందు ఒక కట్టు కట్టు. రోజూ ఎలా చేస్తావో అలాగే" అన్నారు. రోజూలాగే పక్కనున్న డబ్బాలో నీళ్ళలో సన్నతాడు ముంచాను, పిండాను, కట్టబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"తాడెందుకు తడిపావు?"

"తడిపితేనే కదండీ బిగిసేది? మా ఊళ్ళో అంతేనండి. మా నాన్న తడపకుండా ఒక్క ముడి వేయరు."

ఆవిడ నా చేతిలోంచి తడితాడు తీసుకున్నారు. తరువాత మెల్లగా చెప్పారు, "మీ నాన్న వల నీళ్ళలోనే బతుకుతుంది సత్యవతీ. ఇది ఎండలో బతకాలి. తడిసిన తాడు ఉబ్బి పొట్టిదవుతుంది. ఆరాక సాగుతుంది. నువ్వు తడిమీదే పరీక్ష చేశావు, తడిమీదే కూర్చున్నావు. ఆ డబ్బా రోజూ నీ పక్కనే ఉంది. తాగడానికేమో అనుకున్నాను." నుదురు రుద్దుకున్నారు. "నీ చేతికి ఏం నేర్పారని అడిగాను. కూర్చుని చూడలేదు. సగం తప్పు నాది."

ఆ సగాన్ని ఆవిడ మాటవరసకి అనలేదు. రిపోర్టులో కూడా అలాగే రాశారు, వీర్రాజుగారి పేరున వెళ్ళిన నా పాత వలల్ని కూడా వెనక్కి తెప్పించమని రాశారు. అయినా ఆఫీసర్ ఇద్దర్నీ పిలిచారు. ఆయనేం చెడ్డవాడు కాదు, గొడవ ఎందుకని చూసే రకం.

"అందుకే అంటానండీ రాజ్యలక్ష్మి గారూ, ఈ ఆడవాళ్ళని నలుగుర్నీ ప్యాకింగ్‌కి మార్చేస్తే సరిపోతుంది కదా? ఈ అమ్మాయి ప్రొబేషన్ సంగతి తరువాత చూద్దాం."

నాకు అమ్మ తట్ట కళ్ళముందు కదిలింది. రాజ్యలక్ష్మి గారు మాత్రం గొంతు పెంచకుండా అన్నారు. "సత్యవతి ముడి జారితే సత్యవతిని అడగండి సార్. మిగతా ముగ్గురి ముడులూ గట్టిగానే ఉన్నాయి. కిందటేడు వీర్రాజుగారు తన చేత్తో కట్టిన వల జారింది, గుర్తుందా? సైన్యం నుంచి వచ్చినవాళ్ళందర్నీ ప్యాకింగ్‌కి పంపామా?"

ఆయన కాగితాలు సర్దుకున్నారు. "మరేం చేయమంటారు?"

"పదిహేను రోజులివ్వండి. తొమ్మిది వలలూ విప్పి పొడితాడుతో మళ్ళీ కడుతుంది. ఎండలో పడేస్తాం. పదిహేనో రోజున మీరే వచ్చి చూడండి."

ఆ పదిహేను రోజులూ నా వేళ్ళు పుండ్లు పడ్డాయి. చిన్నప్పటి అలవాటు ఎంత పాపిష్టిదంటే, డబ్బా తీసేసినా నా చెయ్యి పక్కకి వెళ్ళి నీళ్ళకోసం తడుముకునేది. ఆవిడ ఎదురుగా స్టూలు మీదే ఉండేవారు. చెయ్యి పక్కకి కదిలినప్పుడల్లా దబ్బనంతో బల్ల మీద టక్కున కొట్టేవారు. ఆ చప్పుడంటే ఒక దశలో నాకు అసహ్యం వేసింది. నిజం చెప్పాలంటే ఆవిడంటేనే అసహ్యం వేసింది.

పదిహేనో రోజు షెడ్డంతా నిండిపోయింది. ఎండలో పెళపెళలాడేలా ఆరిన తొమ్మిదింట్లో ఆఫీసర్ చూపించిన వల తెచ్చి పరిచారు. ఇసుక బస్తాలు ఎత్తారు, దించారు. ఒక్క కట్టు కదల్లేదు. నేను వలలోకి వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు రాజ్యలక్ష్మి గారు కోటు విప్పి పక్కన పెట్టారు. ఆవిడ ఖాకీ ప్యాంటు వేసుకున్నారు. పొద్దుటి నుంచీ అందరి కళ్ళూ వల మీదే, ఆ పొడవాటి కోటు కింద ఏముందో ఎవరూ గమనించలేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తాళ్ళు పట్టుకుని మూలుగుతూ వచ్చి నా పక్కన చతికిలపడ్డారు. అలా ఇద్దరు కూర్చోవడం మా ఆచారంలో ఎప్పుడూ లేదు.

"మీరెందుకండీ?" అన్నాను భయంగా.

ఆవిడ బాషా వైపు బొటనవేలు ఎత్తారు. బాషా ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి గొలుసు లాగాడు. నేల కిందికి పోయింది. వల మమ్మల్ని దగ్గరికి నొక్కేసింది, మోకాళ్ళు మోకాళ్ళకి తగిలాయి. తాడు పట్టుకున్న ఆవిడ వేలి కణుపులు తెల్లబడి ఉన్నాయి.

"నాకు ఎత్తంటే భయం" అన్నారు నాకొక్కదానికే వినపడేలా. "మొదటి రోజు నుంచీ భయమే. ఏదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడనండి?"

"మీ అమ్మ ఏం చేపలు అమ్ముతారు?"

"పండుగప్పలండి, కొయ్యింగలు, రొయ్యలు, ఎండాకాలం ఎండు నెత్తళ్ళు..."

"పేర్లు మాత్రం బాగున్నాయే" అన్నారు కళ్ళు మూసుకుని. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కింద ఆఫీసర్‌గారి చేతిలో టీ చల్లారిపోయింది. వల కిర్రుమనలేదు.

దించాక చీటీ పట్టుకుని వచ్చింది వీర్రాజుగారే. "రెండు పేర్లూ రాయమంటారా అమ్మా?" అని అడిగారు.

"ఒకటే. వల ఆ అమ్మాయిది. నేను బరువుకి వచ్చాను" అన్నారు రాజ్యలక్ష్మి గారు, ప్యాంటు దుమ్ము దులుపుకుంటూ.

మిగిలిన మూడు చీటీలూ నెల తిరిగేసరికి వచ్చేశాయి. నా ఉద్యోగం ఖాయమైన కాగితం మీద ఆవిడ పెట్టిన సంతకం దాదాపు ఆవిడ చివరి సంతకం. మరుసటి నెల నుంచి అమ్మ తట్ట ఎత్తలేదు. రిటైరయ్యాక రాజ్యలక్ష్మి గారు రామచంద్రపురంలో కూతురింట్లో ఉండేవారు. ఏడాదికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా కుశలం అడగడానికి ముందు, "కొత్తవాళ్ళెవరొచ్చారు? ఏం వచ్చు వాళ్ళకి?" అని అడిగేవారు. నాకు ఏ వస్తువూ ఇవ్వలేదు, ఏ ఆశీర్వచనమూ చెప్పలేదు. నేను అంతగా ప్రేమించిన మనుషులు నా జీవితంలో తక్కువ. ఆ మాట ఆవిడతో అనలేకపోయాను. అంటే కిటికీ వైపు తిరిగేవారేమో.

ఇప్పుడు మా షెడ్డుని ఆవిడ చూస్తే గుర్తుపట్టరు. సగానికి దగ్గరగా ఆడవాళ్ళమే. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఒక కాలు లేని కుట్టుపనివాడున్నాడు, వీర్రాజుగారిలా సైన్యం నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. బాషాకి జుట్టు నెరిసింది, గొలుసు మాత్రం ఎవరికీ ఇవ్వడు. నాలుగు నెలల కిందట రంపచోడవరం పై కొండల నుంచి మంగ అనే ఆమె వచ్చింది. నీ చేతికి ఇంట్లో ఏం నేర్పారని అడిగాను. అడిగి ఊరుకోలేదు, స్టూలు వేసుకుని వారం రోజులు కూర్చుని చూశాను. అడవిలో దొరికే అడ్డతీగ నారని ఎడమవైపు పేనడం వాళ్ళ అలవాటట. అదే చేత్తో మా తాడుని పట్టుకుంటే మెలి విప్పుకుని పేటలు తెరుచుకుంటున్నాయి. ఆ తప్పు రెండో రోజే దొరికింది. నేను దబ్బనంతో బల్ల మీద కొట్టినప్పుడల్లా మంగ నన్ను మనసులో తిట్టుకునే ఉంటుంది. తిట్టుకోనీ. ఆ ఎడమవైపు మెలి మాకు వేరే రకం తాడు అతకడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది, అది ఇప్పుడు మంగే మిగతావాళ్ళకి నేర్పుతోంది.

ఈ రోజు మంగ మొదటి వల పరీక్ష. నానిన చుట్టని బయట ఆరేయించి, వల కట్లు ఒక్కొక్కటీ వేళ్ళతో కదిపి చూసి, ఇసుక బస్తాలు ఎత్తించాను. ఎండ కాస్త ముదిరాక మంగ వలలోకి వెళ్ళి కూర్చుంది. పెదవులు ఆరిపోయి ఉన్నాయి. నేను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తాళ్ళు పట్టుకుని ఆమె పక్కకి చేరాను. మోకాళ్ళు నొప్పిగా ముడుచుకున్నాయి. నాకూ ఎత్తంటే భయమేనని ఈ మాట రాస్తున్నప్పుడు ఒప్పుకుంటున్నాను.

"మీరెందుకండీ?" అంది మంగ.

"బరువుకి" అని బాషా వైపు బొటనవేలు ఎత్తాను.